వర్కింగ్ హాలిడే: ఏ సమాసం?

తెలుగు పండితుడుగా ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. కొత్త మాట ఏది చెవిన పడినా దానికి విగ్రహవాక్యం వెతకడం ఇప్పటికీ పోని అలవాటు. ‘వర్కింగ్ హాలిడే’ అన్న మాట నన్ను కొన్నాళ్లు తిప్పలు పెట్టింది. యువతీయువకులు పరదేశంలో ఏడాదిపాటు తిరుగుతూ, ఆ తిరుగుడు ఖర్చుకోసం అక్కడే ఏదో ఒక పని చేసుకొనడానికి ఆ దేశం ఇచ్చే అనుమతికి ఆ పేరు. పనికి వ్యతిరేకపదం సెలవు అని పిల్లలకు నేర్పినవాళ్లం గదా, ఆ రెండూ ఒకే సమాసంలో ఎలా ఇమిడినాయి? ‘పనియును, సెలవును’ అంటే ద్వంద్వం. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. ‘పనితో కూడిన సెలవు’ అంటే తత్పురుషం. అప్పుడు ఉత్తరపదమైన సెలవుకే ప్రాధాన్యం, పని దానికి అలంకారం మాత్రమే. పనీ కాదు, సెలవూ కాదు, వేరెవరిదో ఒక ప్రయోజనం ఉద్దేశించినది అంటే బహువ్రీహి, అన్యపదార్థ ప్రధానం. ఈ వీసా చరిత్ర చదువుతూ పోగా నాకు తేలినదేమంటే, ఈ మూడు అర్థాలూ దానికి ఒక్కొక్క కాలంలో పట్టినాయి.

అసలు మన ‘సెలవు’ మాటే చిత్రమైనది. బడికి సెలవు అంటే విరామం. ‘తమ సెలవైతే’ అంటే అనుమతి. ‘ఇక సెలవు’ అంటే వీడ్కోలు. పాత వాడుకలో సెలవు అంటే ఖర్చు. తమిళులకు ఇప్పటికీ అదే అర్థం. వీటన్నిటికీ మూలమైన ద్రావిడధాతువుకు ‘పోవుట’ అని అర్థం. పోవడం, పోవడానికి అనుమతి, పోతూ చెప్పే మాట, పోవడానికయ్యే వ్యయం – వీసా అన్న మాటలో ఉన్నదంతా మన సెలవులో ముందే ఉంది.

పాత తోవలు

పనీ ప్రయాణమూ కలిసి నడవడం కొత్తది కాదు. జర్మన్ మాట్లాడే దేశాలలో వడ్రంగం, తాపీపని వంటి వృత్తులు నేర్చిన యువకులు శిష్యరికం ముగిశాక మూడేళ్ల ఒక రోజు ఊరూరా తిరిగి పనిచేసే ఆచారం మధ్యయుగాలనుంచి వస్తున్నది. అంతకాలం స్వగ్రామానికి 50 కిలోమీటర్ల దరిదాపులకు రాకూడదన్నది నియమం. నాలుగు ఊళ్ల పనివాడితనం చూసినవాడే పనివాడు అని వారి తాత్పర్యం.

మనవైపు యాత్ర వేరు, పని వేరు. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషీ. కొలువుకు సెలవు పుచ్చుకొని 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆ ప్రయాణం ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయింది. ఆయనది అచ్చమైన సెలవు. పని కోసం ఊరు విడిచేవారి మాట వేరు. దానికి మన సీమలో ఉన్న పేరు ‘సుగ్గి’. వానలు మొహం చాటేసిన ఏడు కర్నూలు మెట్టప్రాంతాలవారు మూటాముల్లె కట్టుకొని, గుడిసెకు తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, గుంటూరు వైపు మిరప కోతలకు పోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. పంట అయిపోతే తిరిగి వస్తారు. ఊళ్లు చూస్తారు, కొత్త మాటలు నేర్చుకుంటారు. కాని దానిని యాత్ర అని ఎవ్వరూ అనలేదు, వాళ్లూ అనుకోలేదు.

సుగ్గి సముద్రం కూడా దాటింది. గోదావరి మొగలోని కోరంగి రేవు పేరు మీదనే రంగూన్‌లో తెలుగువాణ్ణి ‘కోరంగి’ అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవులనుంచి పొగఓడలెక్కి బర్మా వరికోతలకు, ధాన్యం మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి వేలకు వేలు పోయారు; రెండు మూడేళ్లు పని చేసి ఇంటికి రావడం, మళ్లీ పోవడం. ఈ పోకకు సూత్రధారి మేస్త్రీ. అతడు ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, ఓడ చార్జీ పెట్టుకుంటాడు, పనిలో పెడతాడు, కూలిలో తన వాటా కోసుకుంటాడు. బాకీ తీరేదాకా కూలివాడు అతని చేతిలో మనిషి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ఏడాది ముందు, 1930 మే నెలలో, రేవు పని ఎవరిదన్న తగవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కాలినడకన కొండలు దాటి స్వదేశం పట్టారు. దారిలో రాలిపోయినవారు వేలు.

ఇంకొక దారి ఫిజీ. 1879 నుంచి 1916 వరకు 60 వేలమందికి పైగా భారతీయులు అయిదేళ్ల ఒప్పందం మీద ఆ దీవుల చెరకు తోటలకు పోయారు. 1903 నుంచి చెన్నపట్నం రేవు మీదుగా దక్షిణాదివారూ పోయారు, వారిలో మన తెలుగువారూ ఉన్నారు. ‘అగ్రిమెంట్’ అన్న మాట వాళ్ల నోట ‘గిర్మిట్’ అయింది. ఆ ఒప్పందంలోని ముల్లు ఏమంటే, పనికి రాకపోవడం నేరం, జుర్మానా, జైలు. యజమానిని మార్చుకొనే హక్కు లేదు. ఈ ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయినాయి. ఆ చెరకు తోటలలో అత్యధిక భాగానికి యజమాని సిడ్నీ నగరపు చక్కెర కంపెనీ అయిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, పని ఉంది.

ఈ పాత దారులన్నిటికీ నేను వాడే తూకపురాయి ఒకటే: యజమాని చెడ్డవాడైతే కూలివాడు మరునాడు ఇంకొక చోటికి పోగలడా? సుగ్గి మనిషి పోగలడు, కష్టం మీద. మేస్త్రీ మనిషి బాకీ తీర్చి పోవాలి. గిర్మిట్ మనిషి పోలేడు. కూలి రేటు, తిండి, బస అన్నీ దీని తరువాతివే.

ఆస్ట్రేలియా గుమ్మం

ఈ వీసాకు పెద్ద చిరునామా ఆస్ట్రేలియా. ఆ దేశపు చెరకు, పండ్ల తోటల కథ 1863తో మొదలుపెట్టాలి. ఆ ఏడు క్వీన్స్‌లాండ్ పత్తి తోటకోసం రాబర్ట్ టౌన్స్ అనే వర్తకుడు పసిఫిక్ దీవులనుంచి ఓడలో మనుషులను దింపించాడు. ఇప్పటి టౌన్స్‌విల్ నగరం పేరు అతనిదే. 1863 నుంచి 1904 దాకా అలా తెచ్చిన ఒప్పందాల సంఖ్య 62 వేలకు పైమాటే. కొందరు ఇష్టపడి వచ్చారు, కొందరిని మోసగించి, కొందరిని ఎత్తుకొని తెచ్చారు. చెరకు తోటలన్నీ వాళ్ల చేతులమీద లేచినవే.

1901లో ఆస్ట్రేలియా రాష్ట్రాలు ఒక్కటై కామన్వెల్త్‌గా ఏర్పడినాయి. ఆ కొత్త పార్లమెంటు మొదట చేసిన చట్టాలలో రెండు మనకు ముఖ్యం. ఒకటి ఈ దీవులవారిని తిరిగి పంపేయమన్నది. రెండవది వలస నిరోధక చట్టం. అందులో ‘నల్లవారు రాకూడదు’ అన్న మాట ఎక్కడా లేదు. దానికి బదులు ఒక డిక్టేషన్ పరీక్ష పెట్టారు! వచ్చినవాడు ఏదైనా ఒక ఐరోపా భాషలో 50 మాటలు, అధికారి చదువుతుంటే రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి మరొక భాష, అదీ వస్తే ఇంకొకటి. 1934లో ఎగాన్ కిష్ అనే చెక్ రచయిత ఫాసిజానికి వ్యతిరేకంగా మాట్లాడడానికి వస్తే, ఆయనకు చాలా ఐరోపా భాషలు వచ్చునని స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. అది ఈ చట్టం చెప్పే ఐరోపా భాష కిందికి రాదని ఆ దేశపు హైకోర్టే కొట్టివేసింది. ఉక్తలేఖనం దిద్దుతూ జీవితం గడిపిన నావంటివాడికి ఇది నవ్వుకొనే కథ కాదు. చదువు చెప్పే సాధనాన్ని తలుపు గడియగా వాడుకొన్న కథ.

ఇక్కడ మన ప్రస్తావన వస్తుంది. 1904లో భారత ప్రభుత్వంతోను, జపానుతోను ఆస్ట్రేలియా ఒక ఏర్పాటు చేసుకొన్నది: పాస్‌పోర్టు ఉన్న వర్తకులు, విద్యార్థులు, విహారయాత్రికులు ఈ పరీక్ష లేకుండా ఏడాది ఉండవచ్చు. కూలివాడికి మాత్రం ప్రవేశం లేదు. చూడండి, అదే సమయంలో సిడ్నీ కంపెనీ ఫిజీలో తెలుగువాడి చేత చెరకు కొట్టిస్తున్నది. ఆ చెరకు లాభం సిడ్నీ చేరవచ్చు, కొట్టినవాడు చేరరాదు. యాత్రికుడు ఒక జాతి, కూలివాడు ఒక జాతి అన్న విభజన ఇంత స్పష్టంగా రాతలో నాకు మరెక్కడా కనిపించలేదు.

డిక్టేషన్ పరీక్ష 1958 చట్టంతో పోయింది. 1966లో నిబంధనలు సడలినాయి. 1973లో విట్లం ప్రభుత్వం వలస విధానంలో జాతివివక్షను పూర్తిగా తొలగించింది.

తత్పురుష కాలం

1975లో ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే పథకం మొదలైంది. మొదట చేరినవి బ్రిటన్, ఐర్లండ్, కెనడా. అంతవరకు బ్రిటిష్ పౌరులకు ఆస్ట్రేలియా రావడం ఇంచుమించు పొరుగింటి గుమ్మం దాటడం. జాతివివక్ష పోయాక అందరితోపాటు వాళ్లకూ వీసా నియమం పెట్టవలసి వచ్చింది. పిల్లల రాకపోకలు మాత్రం ఆగకూడదు. ఆ అవసరానికి ఈ వీసా సరిపోయింది.

ఎదురుదిశలోనూ ఇదే కథ. యుద్ధానంతరం ఆస్ట్రేలియా, న్యూజీలండ్ యువతరం ఓడలెక్కి లండన్ పోయి, అక్కడి హోటళ్లలో, పానశాలలలో, ఆసుపత్రులలో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఐరోపా చుట్టి రావడం ఒక సంస్కారంగా మారింది. లండన్‌లో ఎర్ల్స్ కోర్ట్ పేటకు ‘కంగారూ లోయ’ అని పేరు పడింది. 1962లో బ్రిటన్ కామన్వెల్త్ వలసలకు పగ్గం వేసింది. 1971 నాటి చట్టం 1973 జనవరి 1 నుంచి అమలై ఆ పగ్గాన్ని బిగించింది. అయినా కామన్వెల్త్ యువకులకు వర్కింగ్ హాలిడే అన్న సందు మిగిలింది. 17 నుంచి 27 ఏళ్ల వయస్సు, రెండేళ్ల గడువు. పని సెలవుకు అనుషంగికంగా మాత్రమే ఉండాలి. మన వ్యాకరణంలో ఉత్తరపదార్థ ప్రధానం, శుద్ధ తత్పురుషం.

మన దేశమూ కామన్వెల్త్‌లోదే గదా. కాబట్టి ఈ బ్రిటిష్ వీసాకు భారతీయ యువకులూ అర్హులే. 2003 ఆగస్టులో వయోపరిమితి 30కి పెంచి, పని మీద ఆంక్షలు దాదాపు ఎత్తివేశారు. అప్పుడు మన పిల్లలు కూడా పోయారు. కాని 2005 ఫిబ్రవరిలో మళ్లీ ముడి వేశారు: రెండేళ్లలో పన్నెండు నెలలకు మించి పని చేయరాదు. 2008 నవంబరులో ఆ పథకమే ముగిసింది. దాని స్థానంలో వచ్చిన యూత్ మొబిలిటీ పథకంలో మొదట నాలుగు దేశాలే: ఆస్ట్రేలియా, న్యూజీలండ్, కెనడా, జపాను. భారతదేశం పేరు లేదు. మనవాళ్లు సెలవును పనిగా మార్చుకుంటారన్న అనుమానం దాని వెనుక ఉన్నదని నా అభిప్రాయం. పదిహేనేళ్లకు, 2023 ఫిబ్రవరిలో, ‘యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్’ పేర మళ్లీ తలుపు తెరచుకొన్నది: ఏడాదికి 3 వేలమంది, పట్టం ఉండాలి, లాటరీలో పేరు రావాలి. ఈసారి పేరులోనుంచి ‘సెలవు’ తీసేశారు.

ఆసియాలో ముందు నడిచినది జపాను. 1980లో ఆస్ట్రేలియాతో, 1985లో న్యూజీలండ్‌తో, 1986లో కెనడాతో ఒప్పందాలు చేసుకొన్నది. డిక్టేషన్ పరీక్షతో జపాను వారిని ఆపిన దేశమే, జపాను పిల్లలను సెలవుకు పిలిచింది. ఇటువంటి మార్పు ఒక్క జీవితకాలంలో జరగడం చరిత్రలో తరచు కనపడదు, మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకోవాలి.

బహువ్రీహి కాలం

అటుపిమ్మట ఆస్ట్రేలియాలో ఈ వీసా రెండు పాయలైంది. 417 సంఖ్య గలది పాత భాగస్వాములకు: బ్రిటన్, జపాను, 1995లో చేరిన దక్షిణ కొరియా, 2000లో చేరిన జర్మనీ వంటివి. 2000 తరువాత పుట్టిన 462 సంఖ్య గలది తరువాత వచ్చినవారికి. దీనికి చదువు, ఇంగ్లీషు ప్రమాణం, చాలా దేశాలకు సంఖ్యాపరిమితి ఉన్నాయి. పంక్తి ఒకటే కాని ఆకులు వేరు అన్నమాట.

2005 నవంబరులో పెద్ద మలుపు వచ్చింది. నగరాలకు దూరమైన ప్రాంతంలో మూడు నెలలు పంటకోత పని చేసినవారికి రెండవ ఏడాది వీసా ఇస్తామన్నారు. వాళ్ల నోళ్లలో అది ‘88 రోజులు’. 2019 జూలై నుంచి, మరో ఆరు నెలలు చేస్తే మూడవ ఏడాది. మామిడి, అరటి, టమాటా, స్ట్రాబెరీ రైతులకు కూలీలు కావాలి. ఆ ఊళ్లకు స్థానికులు రారు. సెలవుకు వచ్చినవాణ్ణి పొలంలోకి మళ్లించే కాలువ తవ్వారు. సమాసంలో ప్రాధాన్యం సెలవునుంచి జారింది. పనిమీద కూడా ఆగలేదు. రైతు అవసరమనే అన్యపదార్థం ప్రధానమైంది. 2012–13లో ఈ రెండు వీసాలూ కలిపి రెండున్నర లక్షలకు పైగా ఇచ్చారు.

నా తూకపురాయిని ఇక్కడ పెట్టి చూడండి. ఈ వీసాదారుడు గిర్మిట్ మనిషి కాడు. ఇష్టం లేకపోతే రాత్రికి రాత్రి సంచి భుజాన వేసుకొని పోవచ్చు. ఏ పోలీసూ వెంటబడడు. పైగా ఒకే యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండరాదన్న నిబంధన కూడా ఉంది. కాని 88 రోజుల లెక్కకు రుజువు యజమాని దగ్గర ఉంటుంది. డెబ్బయి రోజులు చేసినవాడు చెడ్డ యజమానిని విడిచిపెడితే, ఆ డెబ్బయి రోజులకు సాక్ష్యం? మేస్త్రీ చేతిలో అప్పుపత్రం ఉన్నట్టు ఇక్కడ రైతు చేతిలో, హాస్టల్ నడిపేవాడి చేతిలో రోజుల లెక్క ఉన్నది. పని చూపిస్తామని ముందుగా గది అద్దె కట్టించుకొని, వారాలపాటు పని చూపని హాస్టళ్లు వెలిశాయి. పాత పేరు మేస్త్రీ. కొత్త పేరు వేరు.

అక్కడి కార్మిక న్యాయాధికార సంస్థ, ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్, 417 వీసాదారులను విచారించి 2016లో నివేదిక ఇచ్చింది. అడిగినవారిలో నూటికి 35 మంది తమకు కనీస వేతనంకన్న తక్కువ ముట్టినదన్నారు. 14 మంది పని దొరకడానికి ముందుగా సొమ్ము చెల్లించామన్నారు. అంతకు ఏడాది ముందు, 2015 డిసెంబరు నుంచి, తిండీ బసా మాత్రమే ఇచ్చి చేయించుకొన్న ఉచిత చాకిరీని 88 రోజుల లెక్కలోకి తీసుకోబోమని ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది. అంటే అప్పటిదాకా ఎంత చాకిరీ అలా జరిగినదో ఊహించుకోవచ్చు. అంతకు చాలా ముందే, 2000 జూన్ 23 తెల్లవారుజామున, బండబర్గ్ సమీపంలోని చిల్డర్స్ అనే చెరకు ఊళ్లో పండ్లకోతకు వచ్చినవారు దిగే హాస్టల్‌కు ఒకడు నిప్పు పెట్టగా 15 మంది యువతీయువకులు చనిపోయారు. చప్పుడు చేయవలసిన అలారం పనిచేయలేదు. ఏడు సముద్రాల అవతల తమ పిల్లలు విహారంలో ఉన్నారనుకొని నిద్రపోతున్న తల్లిదండ్రులను తలచుకొంటే మనస్సు చెదరుతుంది.

దిద్దుబాట్లూ జరిగినాయి, అవీ చెప్పాలి. 2017 జనవరి నుంచి వీరి ఆదాయంమీద మొదటి డాలరునుంచే 15 శాతం పన్ను వేస్తే, ఒక బ్రిటిష్ యువతి కోర్టుకెక్కింది. ద్వంద్వపన్ను ఒప్పందం ప్రకారం అది వివక్ష అని 2021 నవంబరులో హైకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల సరిహద్దులు మూసినప్పుడు కోసేవారు లేక పండ్లు చెట్లమీదనే మురిగినాయి. ‘సెలవుకు వచ్చిన పిల్లలు’ ఏ బరువు మోస్తున్నారో దేశానికి అప్పుడు తెలిసింది. 2022 ఏప్రిల్ 28 నుంచి, గంపలెక్కన కూలి ఇచ్చినా గంటకు కనీస వేతనం తగ్గకూడదని నియమం వచ్చింది. వీసా పేరు చెప్పి కూలివాణ్ణి బెదిరించి పని చేయించడం 2024 జూలై 1 నుంచి నేరం. గిర్మిట్‌లో పని మానినవాడు నేరస్థుడు. ఇక్కడ బెదిరించినవాడు నేరస్థుడు. నూరేళ్లలో చట్టం ఇంత దూరం నడిచింది.

ఒక్క సంగతి మిగిలింది. పాత చెరకు తోటల చోట ఇప్పుడు పసిఫిక్ దీవులవారు కూడా మళ్లీ వచ్చి పనిచేస్తున్నారు, వేరొక పథకం కింద. వారు తెచ్చుకొన్న యజమానికే కట్టుబడి ఉండాలి. ఒకే సాలులో ఇద్దరు వంగి టమాటాలు కోస్తూ ఉంటారు. ఒకరి కాగితం మీద సెలవు అని ఉంటుంది, వేరొకరి కాగితం మీద శ్రమ అని ఉంటుంది.

మన వంతు

2022 ఏప్రిల్ 2న భారత–ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు జరిగినాయి. అదే ఏడు డిసెంబరు 29న అది అమలులోకి వచ్చింది. పప్పులు, ఉన్ని, మద్యం సుంకాల మధ్య ఒక చిన్న మాట: భారత యువతకు ఏడాదికి వెయ్యి వర్క్ అండ్ హాలిడే వీసాలు. వయస్సు 18 నుంచి 30. 2024 అక్టోబరు 1న పేర్ల నమోదు మొదలైంది. రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. మొదటి రెండు వారాలలోనే 40 వేలమంది పేర్లిచ్చారు. నూట ఇరవై ఏళ్ల క్రితం యాత్రికుడు వేరు, కూలివాడు వేరు అని గీత గీసిన దేశం, ఇద్దరినీ ఒకే పాస్‌పోర్టులో రమ్మన్నది.

ఈ నమోదు రోజులలోనే పల్నాడు నుంచి నా పూర్వవిద్యార్థి ఫోన్ చేశాడు. మిరప రైతు. కూతురు డిగ్రీ పూర్తి చేసి పేరు ఇచ్చిందట. “మాస్టారూ, అమ్మాయి యాత్ర అంటోంది, వాళ్లమ్మ కూలిపని అంటోంది. మీరు చెప్పండి” అన్నాడు. నేను ఈ చరిత్రంతా క్లుప్తంగా చెప్పాను. అంతా విని అతడు ఒక్కటే అడిగాడు: “అక్కడ కాటా ఎవరు వేస్తారండీ?”

ఇంత చదివిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఏటా సుగ్గికి వచ్చినవారి చేత కిలోల లెక్కన కాయలు కోయించేవాడు గనుక అతడికి తట్టింది. కాటా వేసేవాడి వేలు ఎంత బరువు తూగుతుందో అతడికి తెలుసు. తన కూతురు ఆ కాటాకు అవతలివైపు నిలబడబోతున్నదన్నది అతడి గుండెలో గుచ్చుకొన్నది. ఆ మాట మీద మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు.

అతడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను, మీ ఇళ్లలోనూ ఆ వయస్సు పిల్లలు ఉండవచ్చును గనుక. ఇది లాటరీ, పేరు తెప్పిస్తామని ఏ ఏజెంటు చెప్పినా అబద్ధం. పేరు వచ్చినా అది వీసా కాదు, దరఖాస్తుకు అనుమతి మాత్రమే. పోయినవారు ప్రతి వారం పేస్లిప్ అడిగి దాచుకోవాలి. ఏ రోజు, ఎన్ని గంటలు, ఏ పొలంలో అన్నది సొంత పుస్తకంలో రాసుకోవాలి. అదే వాళ్ల కాటా. పాస్‌పోర్టు యజమాని చేతికి ఇవ్వకూడదు. పని చూపిస్తామని ముందు సొమ్ము అడిగినచోట ఆగకూడదు. రెండవ ఏడాది వీసా మీద ఆశతో మొదటి ఏడాది అవమానాలు మింగకూడదు. అన్నిటికంటె, తిరుగు టిక్కెట్టుకు సరిపడే డబ్బు ఎప్పుడూ విడిగా ఉండాలి. విడిచిపోగల శక్తి చేతిలో ఉన్నంతకాలం అది సెలవు. అది పోయిన రోజు గిర్మిట్.

ఇక నన్ను తొలుస్తున్నది వేరొకటి. ఈ 462 వీసాకు పైచదువు రెండేళ్లయినా ఉండాలి, ఇంగ్లీషు రావాలి, చేతిలో దాదాపు 5 వేల డాలర్లు చూపాలి, ఆపై విమానం ఖర్చు. అంటే కూలికి పోవలసిన అవసరం లేనివారికే అక్కడ కూలి చేసుకొనే అనుమతి. పల్నాడు రైతు కూతురికి పేరు వస్తే ఆస్ట్రేలియాలో ద్రాక్ష కోసి, సముద్రం ముందు ఫోటో దిగి, ధైర్యం నేర్చుకొని రావచ్చు. రావాలనే నా కోరిక. ఆ పిల్ల ఇంటి చేలో మిరపకాయలు కోసే కర్నూలు పిల్లకు బడే సగంలో ఆగిపోయింది. సుగ్గి సమయంలో పేరు హాజరుపట్టీలో ఉండి, బల్ల మీద మనిషి లేకపోవడం ఉపాధ్యాయులందరం చూసినదే. ఇద్దరూ ఒకే వయస్సువారు, ఒకే పని చేస్తారు. ఒకరిది దేశాటనం అవుతుంది, ఒకరిది వలస అవుతుంది. 1904 నాటి గీత చెరిగిపోలేదు. సముద్రం మీదినుంచి మన పొలం గట్టు మీదికి వచ్చింది.

ఆ గట్టు దగ్గర మనం చేయగలిగినవి పెద్ద పనులు కావు. కాటా సరిగ్గా ఉండేటట్టు చూడడం, సుగ్గికి వచ్చినవారి పిల్లలకు ఆ ఊరి బడిలో ఆ నాలుగు నెలలు చోటు ఇప్పించడం. విరమించిన ఉపాధ్యాయులం ఊరికి ఒకరిద్దరం ఉంటాం. రెండవ పని మన చేతిలోనిదే.

ఇక సెలవు.